పెరుగుకి ముందు పెసరట్టు

ఆ రోజుల్లో నాకు రెండే భయాలు ఉండేవి. ఒకటి సూది, రెండోది మా అత్తగారి మనసు నొచ్చుకోవడం. ఈ రెండూ ఒకే పెరుగు గిన్నెలో ఎదురుపడతాయని కలలో కూడా అనుకోలేదు. దేశం కాని దేశంలో, పాపకూర అనే ఊళ్లో కొత్తగా కాపురం పెట్టాం. మా అమ్మాయి కడుపులో ఉండగా నాకు షుగర్ వచ్చింది. "పొద్దున్నే చక్కెర లేని పెరుగులో కాసిని పళ్ల ముక్కలు వేసుకుని తినండి. వచ్చేసారికి తగ్గకపోతే ఇన్సులిన్ ఇంజెక్షన్లు మొదలుపెడదాం," అంది క్లినిక్‌లో డైట్ నర్సు చిరునవ్వుతో. (ఈ దేశంలో ఎంత చేదు కబురైనా చిరునవ్వుతోనే చెబుతారు.) ఇంజెక్షన్ మాట వింటేనే కళ్లు తిరిగే మనిషిని నేను. ఆ క్షణం నుంచి పెరుగే నాకు దిక్కు.

పురిటికి సాయం చెయ్యడానికి తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారి దృష్టిలో పెరుగంటే భోజనానికి ఆఖరు. అది వడ్డించారంటే ఇక చెయ్యి కడుక్కోవడమే. మర్నాడు నేను పెరుగులో స్ట్రాబెర్రీలూ పుల్ల యాపిల్ ముక్కలూ వేసుకుని కూర్చోగానే ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఇదేవిటే! మొదలు లేకుండా ఆఖరేవిటి? కడుపుతో ఉన్న పిల్లవి, ఉత్త పెరుగు తిని లేస్తావా?" అంటూ పొయ్యి మీద పెనం పెట్టేసింది. "ముందు ఈ పెసరట్టు తిను. తరవాత నీ నర్సమ్మ పెరుగు తిను. పెరుగు తినమందే కానీ, పెసరట్టు వద్దందా ఏవిటి?" ఆ మాట నాకూ సబబుగానే తోచింది. (పెసరట్టు వాసన ముందు ఏ మాటైనా సబబుగానే ఉంటుంది.) రెండ్రోజుల్లో పెసరట్టులోకి ఉప్మా, పక్కకి అల్లం పచ్చడి వచ్చి చేరాయి. పచ్చట్లో బెల్లం ఉంటుందన్న సంగతి ఇద్దరం ఎత్తలేదు.

తర్వాతిసారి క్లినిక్‌కి అత్తగారు కూడా వచ్చింది. షుగర్ తగ్గకపోగా పెరిగింది. "పొద్దున్న ఏం తింటున్నారు?" అంది నర్సు. "పెరుగు, పళ్లు," అన్నాను. అబద్ధమేం కాదుగా! ఇంగ్లీషు మాట్లాడకపోయినా అన్నీ అర్థమయ్యే మా అత్తగారికి పౌరుషం వచ్చింది. "కోడల్ని పెరుగుతో మాడుస్తున్నాననుకుంటుందే! పెసరట్టు సంగతి చెప్పు. ఉప్మా సంగతీ చెప్పు!" ఒక్కొక్క పదార్థాన్నీ తలొంచుకుని ఇంగ్లీషులోకి మార్చాను. నర్సు ఓపిగ్గా అంతా విని, "పెరుగు, పళ్లు మాత్రమే. ఇంకొక్క వారం చూద్దాం," అని ఇన్సులిన్ పెన్ను ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. దాని సూది చూసి నా మొహం పాలిపోయింది. ఆ మొహం అత్తగారు చూసింది. కారులో నా చెయ్యి పట్టుకుని, "నా మూలానేనా తల్లీ?" అంది. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు బల్ల మీద రెండు గిన్నెలున్నాయి. పెరుగు, పళ్ల ముక్కలు, పైన చిటికెడు ఉప్పు, ఆవాలూ కరివేపాకుతో తాలింపు. ఒకటి నాకు, ఒకటి ఆవిడకి! "కళ్లు మూసుకోవే," అంది. "ముద్దపప్పు అయింది. గుత్తివంకాయ కూర అయింది. చారు అయింది. అప్పడాలు కూడా అయిపోయాయి. ఇక పెరుగు తిను." నవ్వుతూనే తిన్నాను. టిఫిను లేనిదే ఏనాడూ తెల్లవారని మనిషి, నాతోపాటు కాన్పయ్యేదాకా అదే తింది. రోజుకో మెనూ చెప్పేది. ఆదివారం బొబ్బట్లు కూడా ఉండేవి ("మాటల్లో షుగర్ ఉండదులే, తిను"). షుగర్ దిగొచ్చింది, ఆ పెన్ను అవసరమే రాలేదు. అంతవరకూ ఆవిడంటే నాకు భయం, ఆ గిన్నెల దగ్గరే ప్రేమ మొదలైంది.

ఇప్పుడు ఆవిడ మా దగ్గరే ఉంటోంది. మా అమ్మాయి ఫ్రిజ్ పక్కన నిలబడి, ముందూ వెనకా ఆలోచించకుండా పెరుగూ పళ్లూ తినేసి స్కూలుకి పరిగెడుతుంది. నలభై దాటిన నన్ను షుగర్ మళ్లీ వెతుక్కుంటూ వచ్చింది. మొన్న పొద్దున్న గిన్నె ముందు కూర్చుని నాలో నేనే గొణుక్కుంటున్నాను, పప్పు అయింది, కూర అయింది, చారు అయింది అని. "మమ్, ఎవరితో మాట్లాడుతున్నావ్?" అని మా అమ్మాయి ఇంగ్లీషులో అడిగింది. అంతలో పక్కగదిలోంచి అత్తగారి గొంతు వినబడింది.

"అప్పడం మర్చిపోయావే!"

చెంచా కింద పెట్టి, మళ్లీ పప్పు దగ్గర్నుంచి మొదలుపెట్టాను.