కింద వేసుకోమన్న గొంగడి

ఆ రోజుల్లో కృష్ణ ఒడ్డున పుట్టిన వాళ్లకు చలంటే ఏమిటో ఎవరూ చెప్పి పంపేవారు కారు. ఆవకాయ జాడీ, గోంగూర పచ్చడి, బోలెడన్ని జాగ్రత్తలు కట్టి బస్సెక్కించేవారు, అంతే. నేనూ అలాగే వచ్చి పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీ కట్టబోయే భూమిని కొలిచే పనిలో చేరాను. కర్దనూర్‌లో ఒక అవ్వ ఇంటి వసారా కిరాయికి దొరికింది. అవ్వ భర్త గొర్రెలు కాసి బతికిన మనిషి, పోయి రెండేళ్లయింది. ఊరు కాని ఊళ్లో నన్ను ‘తిన్నవా’ అని అడిగేది ఆవిడొక్కతే.

మంచం మీద పడుకుంటే నల్లులు, నేల మీద పడుకుంటే తేళ్లు. మా ఓవర్సీయరు జాలిపడి, క్యాంపు సామానులోంచి ఒక క్యాన్వాసు ఉయ్యాల ఇచ్చాడు. దాన్ని వసారా గుంజలకు కట్టి మహారాజులా ఎక్కాను. పుష్యమాసం వచ్చేసరికి మహారాజు పళ్లు టకటకలాడాయి. రెండు చొక్కాలు, మంకీ క్యాపు, రెండు దుప్పట్లు (ఒకటి ఓవర్సీయరుదే, అడిగే తీసుకున్నాను లెండి) పైన ఎన్ని కప్పుకున్నా వీపు మాత్రం మంచుగడ్డే.

నా దగ్గు విని ఒక సాయంత్రం అవ్వ తన భర్త గొంగడి తెచ్చి నా చేతిలో పెట్టింది. పొయ్యి మీద ఏదో పొంగుతోందని లోపలికి పరుగెత్తుతూ, “కింద ఏస్కో బిడ్డా, జెర ఎచ్చగుంటది” అంది.

మా వైపు కింద అంటే నేల. అవ్వ చెప్పిందాంట్లో శాస్త్రం కూడా కనపడింది నాకు: చలి పుట్టేది బండల్లోంచి, దానికి మూత పెట్టమంటోంది! ఉయ్యాలకు సరిగ్గా దిగువన నేలంతా ఊడ్చి, గొంగడి పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టాను. పైన నేను వణుకుతూనే ఉన్నాను. కింద మాత్రం వీధికుక్క ఒకటి వచ్చి హాయిగా నిద్రపోయింది. దాని గురక వింటూ, గొంగడి పనిచేస్తోందని సంతోషించాను కూడా.

తెల్లారి కల్లాపికి వచ్చిన అవ్వ ఆ కుక్కను చూసింది. కల్లాపి బిందె అక్కడే దింపి లోపలికి వెళ్లిపోయింది. రోజూ ఇచ్చే చాయ్ ఆ పూట రాలేదు, మర్నాడూ రాలేదు. తప్పేమిటో తెలియక పరేషాన్ అయిపోయాను. మూడో రోజు ఆవిడే గడపలో నిలబడి అంది: “ఇగ వేరే తాన కిరాయికి సూస్కో. కంపు గొట్టిందంటే నాకు తిరిగియ్యకపోయినవా? మా ముసలాయన గొంగడి మీద కుక్కను పండవెడ్తవా?”

ఆ ఇల్లు పోతే నాకు ఈ ప్రాంతంలో ఇంకేమీ లేదు. “అయ్యో, మీరే కదండీ కింద వేసుకోమన్నారు! అందుకే కింద వేశానండీ!” అన్నాను, ఏడుపొక్కటే తక్కువగా.

అవ్వ ఉయ్యాలను చూసింది, నేలను చూసింది, మూలల్లోని రాళ్లను చూసింది. కొంగు నోట్లో కుక్కుకుని కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. “ఓరి పిచ్చి కొడుకా! కిందంటే నీ ఈపు కింద! ఉయ్యాల కిందికెల్లి గాలి కొడ్తలేదా? పైన ఎన్ని కప్పితే ఏం ఫాయిదా? అండి అండి అనుడు నేర్పింది గని గిది నేర్పలే మీ అమ్మ!” అంటూనే గొంగడి దులిపి ఉయ్యాలలో పరిచి, పట్టపగలే నన్ను పడుకోబెట్టి, రెండు అంచులూ మీదికి మడిచింది. గొర్రె వాసన, పొగ వాసన, వాటితో పాటు వెచ్చదనం. అలాగే నిద్ర పట్టేసి ఆ మధ్యాహ్నం డ్యూటీకి ఆలస్యమైంది, తిట్లూ పడ్డాయి.

అప్పటి నుంచీ రోజూ తెల్లారగానే అవ్వ వచ్చి, ఉయ్యాల అడుగున అరచెయ్యి ఆనించి, నా వీపు దగ్గర వెచ్చగా ఉందో లేదో చూసేది. చూసి, “మంచిగనే ఉన్నది” అని తనలో తనే అనుకుని చాయ్ పెట్టడానికి వెళ్లేది. నాకు అప్పటికే మెలకువ వచ్చేసేది. మీసాలొచ్చిన ఉద్యోగస్థుణ్ణి, ఆ చెయ్యి ఇంకాసేపు ఉంటుందని కళ్లు మూసుకుని పడుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ దొంగనిద్ర కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాణ్ణి లేపడానికి మాత్రం ఇప్పటికీ మనసొప్పదు.