గద్దయి ఎగిరిన పిల్ల

పిల్లల మాయాకథల్లో ఆడపిల్లలు ఏం చేస్తారన్నది తిరుపతి యూనివర్సిటీలో నా పరిశోధన. నేను చదివినవాటిలో చాలాచోట్ల వాళ్లు చేసేదేమీ లేదు. మాంత్రికుడు ఎత్తుకుపోతాడు, కోటలో దాస్తాడు, ఎవడో వచ్చి విడిపిస్తాడు, విడిపించినవాడికే ఇచ్చేస్తారు. "పిల్లల కథల మీద ఇంత కోపమేందమ్మా?" అని మా గైడ్ నవ్వేవారు.

పుస్తకాలతో విసిగి, శనివారాలు ఐరాల దగ్గర ఒక బడికి వెళ్లడం మొదలుపెట్టాను. మాంత్రికుడు రాకుమారిని కోటలో దాచేదాకా కథ చెప్పి, మిగతాది ఆడపిల్లల్నే చెప్పమనేదాన్ని. అందరూ రాకుమారుణ్ణి గుర్రమెక్కించి తెచ్చేవాళ్లు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె మాత్రం లేచి, "ఎవురూ రారక్కా" అంది.

"మరి ఎట్లా బయటపడుతుంది?"

"మాంత్రికునికి వండిపెడతా, వాడు గొణిగే మంత్రం వింటా ఉంటాది. వినీ వినీ నేర్సుకుంటాది. గద్దయి ఎగిరిపోతాది."

"ఇంటికా?"

"ఇంటికి పోతే మళ్లా ఎవురికో ఇచ్చేస్తారు కదక్కా. యాడికి పోతాదో వచ్చే వారం సెప్తా."

ఆ సాయంత్రం బస్సులో నాలో నేనే నవ్వుకుంటూ తిరుపతి చేరాను.

తర్వాతి శనివారం ఆ పిల్ల రాలేదు. ఆపై వారమూ లేదు. పక్కన కూర్చునే పిల్ల మెల్లగా చెప్పింది: "దానికి పెండ్లయిపోయిందక్కా. వాళ్ల మామకే ఇచ్చినారు."

బాల్యవివాహమని ఫిర్యాదు చేశాను. అధికారులు వచ్చారు. "పెండ్లీ ల్యా, గిండ్లీ ల్యా. సుట్టాలింటికి పోయుండాది" అని ఇంట్లోవాళ్లు చెబితే రాసుకుని వెళ్లిపోయారు. నేనే వాళ్లింటికి పోయాను. వాకిట్లో వేరుశనక్కాయలు ఒలుస్తున్న వాళ్లమ్మ తలెత్తలేదు.

"బడికి పోయే దావలో మొగపిల్లోళ్లు ఎంటబడతా ఉండారు. రేపు ఏమన్నా అయితే నువ్వొచ్చి నిలబడతావా మే?"

నా దగ్గర ఉన్నవి కథలే.

ఆ వారమే హెడ్మాస్టరు, "ఊర్లో గొడవగా ఉందమ్మా, ఇంక రావద్దు" అన్నారు.

కొన్ని నెలల తర్వాత చిత్తూరు బస్టాండులో ఆ పిల్ల కనబడింది. కడుపుతో ఉంది. మెడలో పసుపుతాడు, చేతిలో ఆసుపత్రి కవరు. వాళ్లాయన నీళ్లసీసా కొనడానికి వెళ్లాడు. బుద్ధిలేనిదానిలా అడిగాను: "ఆ రాకుమారి యాడికి పోయింది పాపా?"

ఆ పిల్ల నన్ను చూసింది. కోపం కూడా లేదు ఆ చూపులో.

"మర్సిపోయినానక్కా. నువ్వే ఏదో ఒకటి రాసుకో."

వాళ్లాయన వచ్చాడు. బస్సెక్కారు.

నేను ఏదీ రాసుకోలేదు. పరిశోధన ఆ బడిపిల్లల కథల అధ్యాయం దగ్గరే పడి ఉంది. గైడ్ ఫోన్ చేసినప్పుడల్లా "రాస్తున్నానండీ" అంటాను. ఆయన నమ్ముతారు. ఫోన్ పెట్టేసి, లైటు వేయబుద్ధి కాక, గదిలో అలాగే కూర్చుంటాను.