చీపుళ్లకు తలంటు పోసిన కోడలు

కొందరికి పాట వల్ల పేరొస్తుంది, కొందరికి వంట వల్ల పేరొస్తుంది. నాకు మా అత్తవారి ఊళ్లో కొండ చీపుళ్ల వల్ల పేరొచ్చింది. ఆ పేరు ఎలాంటిదో చివర్లో చెబుతాను. ముందే చెప్పేస్తే మీరు ఇక్కడే నవ్వేసి లేచిపోతారు, నా కథ సగంలో పడుంటుంది. ఒక్కటి మాత్రం ఇప్పుడే చెప్పేస్తున్నాను. ఇందులో ఒక హెయిర్ డ్రయ్యరు, ఒక కనుబొమ్మ, మా అత్త అందరి ముందూ ఇచ్చిన మాట కాలిపోతాయి. మనుషులకేమీ కాలేదు, కంగారు పడకండి.

పెళ్లికి ముందు నేను విజయనగరంలో బ్యూటీషియన్ కోర్సు చేశాను. తల కనిపిస్తే చాలు, ఇది పొడి జుట్టా, జిడ్డు జుట్టా, చివర్లు చిట్లాయా అని చూసే అలవాటు అక్కడే పట్టుకుంది. పెళ్లిలో నా తలమీద జీలకర్ర బెల్లం పెడుతున్నప్పుడు కూడా నా కళ్లు పురోహితుడి చుండ్రు మీదే ఉన్నాయి. మా ఆయన సత్యం అనంతగిరిలో కాఫీ నర్సరీలో పని చేస్తాడు. పెళ్లయ్యాక నేనూ ఆ కొండమీదికే వచ్చేశాను.

అనంతగిరిలో కాపురం పెట్టినవాళ్లకు చుట్టాలకు కొదవ ఉండదు. మాఘమాసం రాగానే, మన ముఖం ఎప్పుడూ చూడనివాళ్లు కూడా ఫోన్ చేసి ఆరోగ్యం అడుగుతారు. మన ఆరోగ్యం అయ్యాక వాతావరణం అడుగుతారు. ఆ తర్వాత అసలు సంగతి. "మరేం లేదమ్మా, కొండ చీపుళ్లు వచ్చాయా?" దిగువన బజార్లో చీపుళ్లు దొరకవా అంటే దొరుకుతాయి. కానీ కొండమీద మనవాళ్లుండగా చీపురు కొనుక్కోవడం వాళ్లకు నామోషీ.

సత్యం బ్రహ్మచారిగా ఉన్నప్పటి నుంచీ ఈ చీపుళ్ల మోత మా అత్తదే. ఏటా వచ్చి, గోనెసంచి నింపుకుని, రైల్లో కొంత, ఆటోలో కొంత, నెత్తిమీద కొంత మోసుకుపోయి ఊరంతా పంచేది. అందులో పెద్దవాటా ఆమె ఆడపడుచు రాములమ్మది, అంటే మా ఆయన మేనత్తది. ఈ రాములమ్మ మా పెళ్లి పందిట్లో, నాకు వినపడేలాగే అంది: "పార్లరు గుంటని తెచ్చుకున్నావు వదినా. ముకాలు తుడుత్తాది గానీ ఇల్లు తుడుత్తాదేటి?"

మా అత్త ఊరుకోలేదు. "నా కోడలు ఇల్లు తుడవడమే కాదు, ఈ ఏడు నీ ఇంటికి సీపుళ్లు కూడా దాని సేత్తోనే తయారు సేసి పంపుతాది సూడు" అని అందరి ముందూ మాటిచ్చేసింది. అప్పటికి నన్ను ఆమె చూసి ఎన్నాళ్లో కాలేదు. అంత నమ్మకం నామీద మా అమ్మకు కూడా లేదు. అందుకే, ఆ చీపుళ్లు నాకు చీపుళ్లు కావు, పరీక్ష.

పైన గూడెం నుంచి చిలకమ్మ అనే ఆవిడ మాకు రాగులు, పనసకాయలు, కొండ చీపుళ్లు తెచ్చిచ్చేది. వయసులో నాకంటే కాస్త పెద్ద, వేళాకోళంలో చాలా పెద్ద. ఆ ఏడు నేను అడగగానే పచ్చిగా కోసిన చీపురు మోపు తెచ్చి వరండాలో దించింది. ఆ కంకులను చూసి నేను మురిసిపోయాను. లేత ఊదారంగులో, పట్టులా మెత్తగా, ఒక్కొక్కటీ పెళ్లికూతురి జడంత ఒత్తుగా ఉన్నాయి.

"ఇవి ఎక్కడ పెరుగుతాయి చిలకమ్మా?" అన్నాను.

"ఎక్కడేటి, కొండ వాలులో, గెడ్డ ఒడ్డున. వెదురు ఆకులాగ ఆకుంటాది, ఆ ఆకు మేకలు తింటాయి. కర్ర ఎండితే కంచెకీ పొయ్యికీ. మట్టిలో ఏరు మాత్రం పీకం. ఏరు ఉంటేనే వానకి మట్టి జారదు, మళ్లా ఏడు సిగురేత్తాది" అంటూ చిలకమ్మ ఎంతో చెప్పుకుపోయింది. "జోతమ్మా, ఇన్నావా? బాగా ఎండకి ఎయ్యి. ఎండాక బయట బండమీద కొట్టు. గాలి నీ ఈపుకి ఉండాల. నూగంతా రాలిపోయాక అప్పుడు కట్ట కట్టు."

"అలాగే అలాగే" అన్నాను. అప్పటికి నేను ఫోన్ పైకెత్తి, ఆ కంకుల పక్కన నా ముఖం ఏ కోణంలో బాగుంటుందా అని చూసుకుంటున్నాను.

ఫోటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. చీపుళ్లు మాత్రం వరండా మూలనే ఉండిపోయాయి. రోజూ ఎండకు వేద్దామనుకోవడం, పొగమంచు చూసి రేపు వేద్దామనుకోవడం. ఈలోగా ఒక సాయంత్రం అత్త ఫోన్ చేసింది.

"గుంటా, రేపు పొద్దున్న బండికి వత్తన్నాను. సీపుళ్లు రెడీయేనా?"

"చీపుళ్ల సంగతి నాకు వదిలెయ్యండి అత్తా!" అన్నాను. మీరు గమనించారో లేదో, ఇలాంటి మాట అన్నవాళ్లెవరూ ఇంతవరకూ బాగుపడలేదు.

తెల్లారగానే సత్యం తల్లిని తీసుకురావడానికి బండి వేసుకుని టైడా స్టేషనుకు వెళ్లాడు. నేను కొంగు బిగించి మొదటి చీపురు తీసుకున్నాను. బండమీద కొట్టాలన్నది గుర్తుంది. గాలి వీపుకి ఉండాలన్నది గుర్తులేదు. వరండాలోనే, గాలికి ఎదురుగా నిలబడి, గట్టుమీద ఒక్క దెబ్బ వేశాను.

కొండ చీపురు నూగు గురించి మీకు తెలిసే ఉంటుంది. కొత్త చీపురు ఇంటికి తెచ్చాక వారం రోజులు చెత్త ఊడుస్తున్నామో, చీపురు రాల్చినదాన్ని ఊడుస్తున్నామో తెలియదు. అది దులిపిన చీపురు సంగతి. ఇది దులపని చీపురు. నూగు మేఘంలా లేచి, ముందు నా నోట్లోకి, తర్వాత ఇంట్లోకి, అక్కణ్ణుంచి మూత పెట్టని ఇడ్లీపిండిలోకి వెళ్లి దర్జాగా కూర్చుంది. నేను తుమ్మాను. ఆ తుమ్ముకు మరింత నూగు లేచింది.

అప్పుడు నా కోర్సు నన్ను ఆవహించింది. ఇదేమిటి? రాలే జుట్టు! రాలే జుట్టును కొడతారా ఎవరైనా? దువ్వుతారు!

వెడల్పు పళ్ల దువ్వెన తెచ్చి, చీపురును ఒళ్లో పడుకోబెట్టుకుని దువ్వడం మొదలుపెట్టాను. దువ్వెన పళ్లు రెండు విరిగాయి. సరే, చిక్కు ఎక్కువగా ఉంది, తడిపితే లొంగుతుంది అనుకుని బకెట్లో షాంపూ నురగ కట్టి, రెండు చీపుళ్లకు శాస్త్రోక్తంగా తలంటు పోశాను. కండిషనర్ కూడా రాశానని చెప్పడానికి నాకిప్పుడు సిగ్గుగా ఉంది. రాసిన మాట మాత్రం నిజం.

సరిగ్గా అప్పుడే చిలకమ్మ కంచె దగ్గరికొచ్చి నిలబడింది.

"ఏటి జోతమ్మా, సీపుళ్లకి పెళ్లేటి?"

"నవ్వకు చిలకమ్మా, అత్త వచ్చేస్తోంది!"

"మరి పసుపు రాసినావు కాదేటి? పసుపు రాయకుండా తానమేటి?"

ఇంతలో ఫోన్ మోగింది. సత్యం.

"రైలు లేటంట. ఏటి సేత్తన్నావు?"

"చీపుళ్లు ఆరబెడుతున్నాను."

"ఎండ నేదు కదా, ఎలగారతాయి?"

"డ్రయ్యర్‌తో."

"నాను అమ్మని కాసేపు ఇక్కడే టీ తాగించి తెత్తాను" అని పెట్టేశాడు. మంచివాడు పాపం.

ఇక హెయిర్ డ్రయ్యర్ సంగతి. అది మా అమ్మ పెళ్లికి కొనిచ్చింది. ముందువైపు నుంచి వేడిగాలి వదులుతుంది, వెనకవైపు నుంచి గాలి పీల్చుకుంటుంది. ఈ వెనకవైపు సంగతి నేను మరిచిపోయాను. వరండాలో ఎగురుతున్న నూగంతా పీల్చుకుని అది ఒకసారి దగ్గింది, ఒకసారి మూలిగింది, మాడు వాసన కొట్టి ప్రాణం వదిలింది. వెళుతూ వెళుతూ ఇంట్లో ఫ్యూజు కూడా తీసుకుపోయింది.

తలంటిన రెండు చీపుళ్లూ తడిసిన పిల్లి తోకల్లా ముద్దకట్టుకుని వేలాడుతున్నాయి. మిగతా మోపంతా అలాగే ఉంది. నాకు ఏడుపొచ్చింది. రాములమ్మ నవ్వు చెవుల్లో వినిపించింది. ఆ నవ్వు ముందు మా అత్త తల దించుకుని నిలబడినట్టు కూడా కనిపించింది. నన్ను అన్నా పడతాను, నా కోసం మాటిచ్చిన మనిషి చిన్నబోతే మాత్రం ఓర్చుకోలేననిపించింది. ఏదో ఒకటి చేసి తీరాలి, బేగి చేయాలి.

అప్పుడే పెరట్లో పొయ్యి కంటపడింది. అత్త స్నానానికి దానిమీద నీళ్లు కాగుతున్నాయి. ఆ మంట చూడగానే, అంతకుముందు వారం చిలకమ్మ నాటుకోడిని కాల్చిన దృశ్యం గుర్తొచ్చింది. ఈకలు పీకాక మిగిలిన సన్నటి నూగును మంటమీద ఇటూ అటూ తిప్పి క్షణంలో పోగొట్టింది. కోడికి ఏమీ కాలేదు. నూగు పోయింది, కోడి మిగిలింది. చీపురు కూడా అంతే కదా!

నా తెలివికి నేనే పొంగిపోతూ మోపంతా పొయ్యి పక్కకు తెచ్చిపెట్టుకున్నాను. బాగా పొడిగా ఉన్న చీపురొకటి తీసి మంటమీద పెట్టాను.

"ఓలమ్మ! జోతమ్మా! అది కోడి కాదు!" అని చిలకమ్మ కంచె దూకి పరుగెత్తుకొచ్చింది. ఈ సమాచారం నాకు ఒక్క క్షణం ఆలస్యంగా అందింది.

"భుస్" మంది. అంతే. కంకి మొత్తం ఒక్కసారిగా వెలిగింది. నేను కెవ్వున అరిచి దాన్ని విసిరేశాను. ప్రపంచంలో ఇంత చోటుండగా అది వెళ్లి మోపు మీదే పడింది. దీపావళి మా పెరట్లోకి మాఘమాసంలో వచ్చింది. చిలకమ్మ స్నానాల నీళ్లగుండిగ కొంగుతో పట్టుకుని మోపుమీద కుమ్మరించింది. పొగ, ఆవిరి, నూగు, మా ఇద్దరి దగ్గు. పొగ తగ్గాక చూస్తే నూగు పూర్తిగా పోయింది. ఆ విషయంలో నా లెక్క తప్పలేదు. నూగుతోపాటు చీపురు కూడా పోయింది. నల్లటి పుల్లలు మాత్రం మిగిలాయి.

గేటు చప్పుడైంది. సత్యం వెనక మా అత్త, చంకలో మడతపెట్టిన ఖాళీ గోనెసంచితో నిలబడి ఉంది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. జుట్టంతా నూగు, ముఖమంతా మసి, ఎడమ కనుబొమ్మ సగమే ఉంది.

"ఎవరే నువ్వు? మా కోడలేదీ?" అంది.

"నేనే అత్తా" అని ఏడ్చేశాను. "చీపుళ్లు కాలిపోయాయి అత్తా. మీ మాట పోయింది."

అత్త నెమ్మదిగా వంగి, మాడిపోయిన చీపురొకటి తీసి అటూఇటూ తిప్పి చూసింది. పక్కనే వేలాడుతున్న రెండు తలంటు చీపుళ్లను చూసింది. వాసన చూసింది.

"ఇదేటి, సాంపూ వాసనొత్తంది?"

"తలంటు పోసినాది" అంది చిలకమ్మ, ఉండబట్టలేక. "నూనె రాయడం మరిసిపోనాది."

అంతే. మా అత్త వరండా మెట్టుమీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లు కారేదాకా, గోనెసంచితో ముఖం తుడుచుకునేదాకా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆమె ఫోన్ మోగింది. ఇంకెవరు, రాములమ్మ! అత్త స్పీకర్ పెట్టింది. నేను స్తంభం వెనక్కి వెళ్లాను.

"వదినా, సేరినావా? సీపుళ్లు ఎలగున్నాయి?"

"ఓ, మా కోడలు ఎంత కట్టపడినాదని! నూగన్నది ఒక్కటి నేదు. నీకని ప్రత్యేకంగా ఒకటి తెత్తన్నాను" అని అత్త గంభీరంగా పెట్టేసింది.

"అత్తా! ఇప్పుడెలా?" అన్నాను.

"ఏటెలా? ఇన్నేళ్లనించి ఊరందరికీ ఈ సీపుళ్లు మోత్తన్నాను. మెడలు పడిపోనాయి. ఒక్కరైనా రా వదినా, టీ తాగు అన్నారేటి? వద్దని సెప్పడానికి నాకు నోరు రానేదు. మంచి పని సేసినావు గుంటా, బతికించీసినావు!" అని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా జుట్టులో నూగు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది. ఆ క్షణాన మా అత్తంటే నాకు ఎంత ఇష్టం కలిగిందో చెప్పలేను. సత్యం మేము నవ్వుతున్నామో ఏడుస్తున్నామో తెలియక, ఫ్యూజు వేసుకుంటానని లోపలికి పోయాడు. ఆ రోజు మేమందరం నూగు ఇడ్లీలే తిన్నాం, చిలకమ్మ తప్ప.

తిరిగి వెళ్లేటప్పుడు అత్త గోనెసంచి ఖాళీగానే మడిచి పెట్టుకుంది. చేతిలో మాత్రం మాడిన చీపురొకటి, పాతచీర పేలికతో అందంగా కట్ట కట్టి పట్టుకుంది. అది ఇప్పటికీ ఆమె ఇంటి గుమ్మం వెనకే ఉంది. రాములమ్మకు మొదటి దర్శనం. ఆ తర్వాత ఎవరొచ్చి "కొండమీద మీ కోడలుంది కదా, చీపుళ్లు..." అని మొదలుపెట్టినా, అత్త లోపలికెళ్లి దాన్ని తెచ్చి వాళ్ల చేతిలో పెడుతుంది. "ఇది మా కోడలు పంపిన సాంపిలు. ఎన్ని కావాల?" అంటుంది. ఇంతవరకూ రెండోమాట అడిగినవాళ్లు లేరు. ఆ ఊళ్లో నన్ను ఇప్పుడు సాంపిలు కోడలంటారు. చివర్లో చెబుతానన్న పేరు ఇదే.

ఇక ప్రమాణం. అనంతగిరి పొగమంచు సాక్షిగా, లేటుగా వచ్చి నన్ను కాపాడబోయి కాపాడలేకపోయిన రైలు సాక్షిగా, మళ్లీ పెరిగిన నా ఎడమ కనుబొమ్మ మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇక ఈ జన్మలో ఏ చీపురునూ దువ్వను, ఏ చీపురుకూ తలంటు పోయను, నిప్పు దగ్గరికి అసలే తీసుకెళ్లను. ఎండకు వేస్తాను, గాలికి వీపు పెట్టి బండమీద కొడతాను, నోరు మూసుకుని ఊడుస్తాను.

మీలో ఎవరికైనా కొండ చీపుళ్లు కావాలంటే మొహమాటపడకండి. ముందు మా అత్త ఇంటికెళ్లి సాంపిలు చూసి రండి.