మేనత్త మాట, నా హిందీ

మా మేనత్త పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఫోన్ వచ్చినప్పుడు నేను జగదల్‌పూర్‌లో ఒక హోల్‌సేల్ దుకాణంలో కూర్చుని, నా బట్టల దుకాణానికి చీరలు ఎంచుతున్నాను. ఫోన్ చేసింది మా తమ్ముడు. "అత్తమ్మ పోయింది అన్నా. పొద్దుగాల చాయ్ తాగి పండుకున్నది, మళ్ళ లేవలే" అన్నాడు. నా మొహం చూసి దుకాణదారు ఏమైందని హిందీలో అడిగాడు. ఇరవై ఏళ్లుగా ఆ భాషతోనే బతుకుతున్నవాణ్ని, ఆ పూట నాకు అందులో ఒక్క ముక్క రాలేదు. చీరలు అక్కడే వదిలేసి బస్సెక్కాను.

మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. పత్రికలకెక్కే మనిషి కాదు. మా నాన్నకు అక్క. తెలుగు నేలకు ఆనుకుని, శబరి ఒడ్డున ఉన్న హిందీ రాష్ట్రపు ఊరు కోంటాలో మా ఇంటి పక్క గదిలోనే ఉండేది. పిల్లలు లేరు. మామయ్య పోయాక ఆయన సంత వ్యాపారాన్ని తనే ఎత్తుకుంది. ఉప్పు, ఎండు చేపలు, ఎండు మిరపకాయలు పికప్ బండిలో వేసుకుని వారం వారం మరైగూడ సంతకు పోయేది. అవి అమ్మి, చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు అడవి నుంచి తెచ్చిన చింతపండు, ఇప్పపువ్వు కొనుక్కొచ్చేది. ముప్పై ఏళ్లు ఒకటే జాగా. ఉప్పు బస్తా పెట్టిన చోట నేల తెల్లగా మారిపోయింది, వానాకాలంలో కూడా గడ్డి మొలవదు.

దేవత అని రాయబోవడం లేదు. నోరు పెద్దది. చాయ్‌లో చక్కెర తగ్గితే హోటలువాడి ఏడు తరాలనూ తిట్టేది. దవడలో ఎప్పుడూ పొగాకు ఉండేది. ఎండు చేపల బుట్టలో పెద్దవి పైన, చిన్నవి కింద సర్దడంలో ఆమెను మించినవాళ్లు లేరు. బేరంలో గెలిచిన రోజు ఆమె నడకే వేరు. భాషల గురించి ఆమెకొక లెక్క ఉండేది. "హిందీ బేరానికి, దోర్లి నవ్వులాటకు, తెలుగు కొట్లాటకు" అనేది. అడవి ఊళ్ల దోర్ల ఆడవాళ్లతో వాళ్ల దోర్లి భాషలోనే పరాచికాలాడేది. వాళ్లు ఆమె ముందు గంప దించి, కాళ్లు చాపుకుని, ఇంటి సంగతులన్నీ చెప్పి గానీ లేచేవాళ్లు కాదు.

ఇక్కడ మా సంతల్లోని తరుగు గురించి చెప్పాలి. చింతపండు గంప ముందుకు రాగానే, తూకానికి ముందే కొనేవాడు రెండు చేతులూ గంపలో పెట్టి ఒక దోసిలి తీసి తన రాశిలో వేసుకుంటాడు. తడి ఉందంటాడు, గింజ ఉందంటాడు, దుమ్ము ఉందంటాడు. ఆ దోసిలికి వెల లేదు. మా తాతలు తీశారు, మా నాన్న తీశాడు, మేనత్త కూడా తీసింది. పై ఊళ్ల పెద్ద వ్యాపారులు మా దగ్గర ఇంతకింత కోస్తారు, ఈ దోసిలి లేకపోతే మేమెట్లా నిలబడతామని మా వాళ్లు అంటారు. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు.

దోసిలి తీసేటప్పుడు గంప తెచ్చిన ఆడమనిషి మొహం పక్కకు తిప్పుకుంటుంది. అందరూ అట్లాగే చేస్తారు. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే, ఎందుకని ఎన్నడూ ఆలోచించలేదు. ఒకసారి పికప్‌లో తిరిగి వస్తుంటే మేనత్తే అడిగింది.

"వాళ్ళు మొకం ఎందుకు తిప్పుకుంటరో ఎరుకేనా అల్లుడా?"

ఏమో అన్నాను.

"మనం పడాల్సిన సిగ్గు వాళ్ళు పడుతున్నరు" అంది. అని కిటికీలోంచి పొగాకు ఉమ్మేసి, ఎండు చేపల ధర గురించి మాట్లాడడం మొదలుపెట్టింది.

పోయిన ఏడాది చింతపండు రోజుల్లో ఆ ఆడవాళ్లు ఎదురు తిరిగారు. తరుగు తీయకుండా కొంటేనే అమ్ముతామని, నిండు గంపలతో వచ్చి సంత మొదట్లో దారికి అటూ ఇటూ కూర్చున్నారు. నినాదాల్లేవు, జెండాల్లేవు. పొద్దున వచ్చి కూర్చోవడం, పొద్దు వాలాక అవే గంపలు నెత్తిన పెట్టుకుని పోవడం. రెండు సంతలు అట్లాగే గడిచాయి. కోంటాలో చాయ్ హోటళ్ల దగ్గర ఇదే గొడవ. న్యాయమే కదా అన్నవాళ్లున్నారు, ఇవాళ తరుగంటారు రేపు తక్కెడే మాదంటారు అన్నవాళ్లున్నారు. అన్నదమ్ములు మాటలు మానుకున్న ఇళ్లున్నాయి. మా వ్యాపారుల సంఘం మాత్రం ఎవరూ తరుగు వదలకూడదని తీర్మానించింది. సంఘానికి సెక్రటరీని నేను. ఆ తీర్మానం చదివింది నేనే.

మూడో వారం జిల్లా నుంచి ఒక ఆఫీసరు వచ్చి కోంటాలో వ్యాపారులతో మీటింగ్ పెట్టాడు. ఆడవాళ్లను పిలవలేదు. ఆయనకు తెలుగు రాదు. మావాళ్లది బజారు హిందీ, అందుకే వాళ్లు చెప్పేది ఆఫీసు హిందీలోకి మార్చే పని నాకు అప్పజెప్పారు. అందరి మాటలూ అయ్యాక వెనక బెంచీ మీంచి మేనత్త లేచి నిలబడింది. దవడలోని పొగాకు ముందే తీసేసుకుని వచ్చింది. బజారు హిందీ ఆమెకు బాగానే వచ్చు. అయినా తెలుగులోనే మాట్లాడింది.

"ముప్పై ఏండ్లు నేను గూడ తీసిన. పండు ఎండి కట్టెలెక్క ఉన్నా తడున్నదని తీసిన. ఆ ఆడోళ్ళు కూసున్నది న్యాయం. నేను వాళ్ళ దిక్కే. ఇయ్యాల్టి సంది నా చేయి వాళ్ళ గంపల పడదు."

ఆఫీసరు నా వైపు చూశాడు. సంఘం పెద్దలూ నా వైపు చూశారు.

నేను ఆయనకు హిందీలో చెప్పింది ఇది: ఈమె పెద్దావిడ, తరుగు ఎప్పటి నుంచో ఉన్న ఆచారమంటోంది, వ్యాపారులతో తనకే తగాదా లేదంటోంది, ఆడవాళ్లు లేచి సరుకు అమ్ముకుంటే మంచిదంటోంది.

ఎందుకట్లా చెప్పానని ఏడాదిగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. సంఘం ఆమెను వెలివేస్తుందని భయపడ్డానని మొదట్లో చెప్పుకునేవాణ్ని. అది కొంతే. ఆమెతో పాటు నన్నూ వెలివేస్తారని భయపడ్డాను. ఎంత సిగ్గులేని మనిషినంటే, వాక్యం పూర్తయ్యాక నా హిందీ ఎంత నున్నగా వచ్చిందో అని లోపల ఒక క్షణం సంతోషపడ్డాను కూడా. అక్కడున్న మా వాళ్లందరికీ రెండు భాషలూ వచ్చు. ఒక్కరు కూడా ఇదేమిటని అడగలేదు. ఇద్దరు నవ్వారు.

మేనత్తకు ప్రతి మాటా అర్థమైంది. నిలబడే నా మొహం వంక చూసింది. నోరు తెరుస్తుందనుకున్నాను. తెరిచి ఉంటే బాగుండేదని ఇప్పుడు ఏడుస్తున్నాను. ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుని కూర్చుంది. మీటింగ్ అయ్యాక నా దగ్గరకొచ్చి, "గొంతు ఎండుకపోయింది నీకు, నీళ్ళు తాగు" అని సీసా ఇచ్చింది. ఇద్దరం ఇంటికి నడిచాం.

తర్వాతి సంతలో ఆఫీసరు మైకు పట్టుకుని, మీరంతా నమ్మే ఉప్పు దుకాణం అవ్వ కూడా లేచి అమ్ముకొమ్మంటోందని చెప్పాడట. ఆ రోజు నేను సంతకు పోలేదు. జ్వరమని చెప్పి దుకాణంలో కూర్చున్నాను. ఆ పై వారం ఆడవాళ్లు లేచారు. గంపలు మళ్లీ వ్యాపారుల ముందుకొచ్చాయి, చేతులు మళ్లీ గంపల్లోకి పోయాయి.

మేనత్త ముందుకు మాత్రం ఒక్క గంపా రాలేదు. ఆమె తరుగు తీయడం మానేసింది, అయినా రాలేదు. పలకరిస్తే పక్క నుంచి పోయేవాళ్లు. వానలకూ పోయింది, చలికీ పోయింది. గోనె పరిచి, బస్తా మూతి విప్పి, సాయంత్రం దాకా కూర్చునేది. సంఘం వాళ్లు కూడా ఆమె సరుకు ముట్టలేదు. హాల్లో అసలు ఏమందో వాళ్లకు తెలుసు కదా. పట్టుకెళ్లిన ఉప్పు పట్టుకెళ్లినట్టే తిరిగొచ్చేది. బండి దిగి ఒక్కతే బస్తా దించుకోబోయేది. నేను చూసేవాణ్ని. పోయి పట్టుకునేవాణ్ని. అంతకన్నా ఏమీ చేయలేదు.

"ఊళ్లకు పోయి నిజం చెప్పొస్తాను అత్తమ్మా" అని చాలాసార్లు అన్నాను. ప్రతిసారీ ఒక్కటే మాట: "వద్దు. అయిపోయిందేదో అయిపోయింది." నేను నా బట్టల మూటలతో తిరిగేది కూడా ఆ ఊళ్లలోనే. మా వైపు పదిమంది ముందు జనం మాట తిప్పి చెప్పినవాడికి మళ్లీ ఊళ్లోకి దారి ఉండదు. ఆమె వద్దంటుందని తెలిసే నేను అడిగేవాణ్ని. రాయడానికి చేయి రావడం లేదు గానీ, ఇదే నిజం.

దీపావళి దాటాక ఆమె సంత మానేసింది. పెద్ద జబ్బని డాక్టరు ఏమీ చెప్పలేదు. తినడం తగ్గింది, నోరు తగ్గింది. హోటలువాడు చక్కెర లేని చాయ్ పంపినా తాగి ఊరుకునేది. తిట్టు అత్తమ్మా, ఒక్కసారి తిట్టు అని నా లోపల ఎంత కొట్టుకునేదో. నన్ను ఒక్క మాట కూడా అనకుండా పోయింది.

పోయిన మర్నాడు పాడె వెళ్తుంటే బజారంతా షట్టర్లు దించారు. సంఘం పెద్ద దండ వేసి, ఎవరినీ నొప్పించని మనిషి అన్నాడు. నేను ఆయన పక్కనే నిలబడి తలూపాను. దోర్ల వాళ్లలో చావు జరిగిన ఇంటికి వచ్చేవాళ్లు పోయిన మనిషి మీద కప్పడానికి బట్ట తెస్తారు. మా బంధువుల్లో ఎవరు పోయినా సంత ఆడవాళ్లు తెచ్చి కప్పేవాళ్లు. ఆ రోజు మధ్యాహ్నం దాకా పాడె ఎత్తనివ్వకుండా ఆపాను. ఎవరూ రాలేదు. మేము కప్పిన ఒక్క చీరతోనే ఆమెను శబరి ఒడ్డుకు తీసుకుపోయాం.

నిన్న మరైగూడ సంత. దినం భోజనాలు ముగియగానే పోయాను. చింతపండు రోజులు మళ్లీ వచ్చాయి. ఆమె జాగాలో ఎవరూ కూర్చోలేదు, తెల్ల మచ్చ అట్లాగే ఉంది. మేనత్త దగ్గర అందరికన్నా ఎక్కువసేపు కాళ్లు చాపుకుని కూర్చునే ముసలావిడ గంపతో వస్తుంటే ఎదురుపోయాను. నాకొచ్చిన వంకర దోర్లిలో అత్తమ్మ పోయిందని చెప్పాను. తెలుసంది. హాల్లో ఆమె నిజంగా ఏమందో చెప్పాను. ఆఫీసరుకు నేనేం చెప్పానో చెప్పాను.

ఆమె గంప దించలేదు. నెత్తిన అట్లాగే పట్టుకుని విన్నది. తర్వాత నాకు తెలియాలని కాబోలు, తెలుగులో చెప్పింది.

"మైకుల చెప్పినంక మేము ముగ్గురం కోంటాకు పోయినం. ఆమెను అడిగినం. ఆ మాట నేనే అన్న అన్నది. నమ్మబుద్ధి గాక మళ్ళ అడిగినం. నీ అల్లుడు తిప్పి చెప్పిండా అని గూడ అడిగినం. నా అల్లుడు నా నోట్లె మాటే చెప్పిండు, వాణ్ని ఏమనకుండ్రి అన్నది."

ముప్పై ఏళ్లు ఆ ఆడవాళ్ల మధ్య సంపాదించుకున్నదంతా నా అబద్ధం మీద కప్పేసి, ఖాళీ గోనె ముందు ఏడెనిమిది నెలలు కూర్చుంది. ఆ ముగ్గురు మా గడప దాకా వచ్చిపోయిన సంగతి నాతో చెప్పనే లేదు. క్షమించమని అడగబోయాను. దోర్లిలో ఆ మాట ఏమంటారో నాకు తెలియదు. తెలుగులోనే అన్నాను.

ఆమె నెత్తి మీది గంపను సర్దుకుంది.

"మేము ఆమెతోని మాట్లాడకపోతిమి గదా" అంది. "ఇప్పుడు ఎట్ల మాట్లాడాలె?"

ఆమెకు పొద్దుపోతోంది, ఊరు దూరం. పక్క దుకాణం వైపు నడిచింది. అతను మా సంఘం మనిషే, నన్ను చూసి తలూపాడు కూడా. ఆమె గంప దించింది. అతను రెండు చేతులూ అందులో పెట్టాడు. నేను మేనత్త ఉప్పు మచ్చ మీద నిలబడి ఉన్నాను. చింతపండు దోసిలి అతని రాశిలో పడుతుండగా ఆమె అలవాటు ప్రకారం మొహం తిప్పుకుంది. నా వైపు తిప్పుకుంది.