లాభం అంటే ఒకటి

ఇప్పుడు మీకో వీరగాథ చెబుతాను. అందులో రక్తం ఉంది, కత్తులున్నాయి, ముఖాలకి గుడ్డ కట్టుకున్న మనుషులున్నారు. కాదులెండి. గుడ్డ ముక్కలు లెక్కపెట్టిన సంగతి, అంతే.

ఆర్మీ ఆసుపత్రిలో థియేటర్ అసిస్టెంటుగా చేశాను. మోకాలు పోయి బయటికొచ్చాను. తూటా కాదు, వాలీబాల్. తర్వాతి పోస్టింగ్ ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి. జూన్, సోమవారం, ఉదయం 7:10కి రిపోర్ట్ చేశాను. బయట ఉక్కపోత. లోపల రెండు థియేటర్లు, పనిచేసే ఏసీ ఒకటి. కిట్: ఆకుపచ్చ గౌను, నాకంటే లావాటి మనిషిది.

పని నేర్పింది గూడెం అక్క. తాడేపల్లిగూడెం నుంచి రోజూ రైల్లో వచ్చే నర్సు. పదహారేళ్ల అనుభవం, ఏజెన్సీ ఉద్యోగం. నేను రెగ్యులర్. ఆవిడ జీతం నా జీతంలో సగం.

"నేర్పేది మీరు, ఎక్కువ జీతం నాకేంటక్కా?"

"మీకు మిలిటరీ సర్టిఫికెట్టుందండీ. నాకు రైలు పాసుంది."

కోతకి ముందు రక్తం అద్దే గుడ్డల్ని ఆవిడ పైకి లెక్కపెట్టేది. నేను ఒక్కోదానికి బోర్డు మీద ఒక్కో గీత గీసేవాణ్ణి. కుట్లకి ముందు మళ్లీ లెక్క. గీతలతో సరిపోవాలి. ఆర్మీలో కట్టకి పది గుడ్డలే. ఇక్కడ కట్టినవాళ్ల ఇష్టం. లెక్కకి రెండో నర్సు కూడా ఉండాలి. జీతం చాలక మానేసింది. లెక్క కాగితంలో ఆవిడ గడిలోనూ నా సంతకమే.

రెండో వారం, గురువారం, 10:20. దెందులూరు నుంచి వచ్చిన రైతు ఇల్లాలు. గర్భసంచి ఆపరేషన్. నడుముకే మత్తు, మనిషి మెలకువగానే ఉంది, వణుకుతోంది. రోజూ వన్, టూ అనే అక్క ఆవిడ ధైర్యం కోసం తెలుగులో మొదలుపెట్టింది.

"లాభం, రెండు, మూడు..."

పేషెంటు నవ్వింది. వడ్లు కొలిచేవాళ్లు ఒకటి అనరు, లాభం అంటారట, నాకు తర్వాత తెలిసింది. మాది కలిదిండి, మా నాన్న కాలం నుంచీ చెరువులే. రొయ్యలకి కాటా ఉంటుంది గానీ లాభం ఉండదు. అప్పుడు అదేదో దీవెన అనుకున్నాను. రెండు దగ్గర మొదటి గీత గీశాను.

11:40. "తొమ్మిదండీ," అంది అక్క. "పది లెక్కపెట్టినట్టున్నానే?" రెండు థియేటర్లకీ ఒక్కతే, పొద్దున్నుంచి అది మూడో కేసు.

"బోర్డు మీద తొమ్మిదే అక్కా."

"సరేనండీ, మీరు మిలిటరీ కదా."

పన్నెండో రోజున పేషెంటు జ్వరంతో తిరిగొచ్చింది. మళ్లీ కోశారు. లోపల ఒక గుడ్డ. మనిషి బతికింది.

మేనేజరు గదికి వెళ్లాను. "గీత వదిలేసింది నేనండీ."

"మీరు రెగ్యులరండీ. మీ మీద విచారణంటే కమిటీ వెయ్యాలి. ఆవిడ ఏజెన్సీ. ఒక్క ఫోను చాలు."

"తప్పు నాదండీ!"

"తప్పెవరిదని కాదండీ, పద్ధతేదని చూడాలి."

ఫోను చేశారు. నేను రాజీనామా విసిరేశాను. మూడు నెలలు నోటీసు పీరియడ్ అన్నారు. చేశాను.

ఎంత దులిపినా పోనిది ఒకటుంది. ఉద్యోగం పోయిన అరగంటకి అక్క వార్డులో ఆ పేషెంటుకి తల దువ్వుతోంది. చిక్కులు, మెల్లగా తీస్తోంది.

"రేపూ మీరే వస్తారా అండీ?" అంది పేషెంటు.

"వస్తానండీ," అంది అక్క. జడ చివర రబ్బరు బ్యాండు వేసింది.

నోటీసు అయ్యాక, సెప్టెంబరులో కలిదిండికి బయల్దేరాను. నేనెక్కిన బస్సు కైకలూరు దాకానే. అక్కడ మారాలి.