మావయ్య కూర్చోని పడవ

శేషగిరి మావయ్య ఇక లేరన్న వార్త బందరు బస్టాండులో విన్నాను. నాగాయలంక బస్సు కోసం నిలబడి ఉండగా ఆయన భార్య సావిత్రి అత్తయ్య ఫోను చేశారు. "పొద్దున్నే గుండె ఆగిపోయిందమ్మా, మీ మావయ్య వెళ్లిపోయారు" అన్నారు. నేను నిశ్చేష్టురాలినై "ఏ మావయ్యండీ?" అని అడిగాను. ముందురోజు సాయంత్రమే కదా ఆయన "అతుకు వేశానమ్మా, రేపొచ్చి చూడు" అన్నది! చూడమని పిలిచిన మనిషి ఇలా చెప్పాపెట్టకుండా వెళ్లిపోవడం ఏం మర్యాద?

కృష్ణ పాయ ఒడ్డున నేను పిల్లలకు కెనూ నడపడం నేర్పుతాను. మావయ్య మాకు చుట్టం కాదు, మా పడవల వైద్యుడు. గుడివాడలో కార్ల బాడీలు బాగుచేసిన చేతులు ఆయనవి. ఇక్కడ నది శాంతమూర్తి, రాయి మచ్చుకైనా కనిపించదు. పోటీల కోసం కొండవాగుల ఉరవడిలోకి వెళ్లిన మా కెనూలు మాత్రం అడుగు పగిలి తిరిగొచ్చేవి.

పడవను బోర్లించి, కడిగి, వేలి కణుపుతో అడుగంతా తట్టుకుంటూ పోయేవారు. గట్టిచోట ఖణీమనేది. లోపలి ఫైబరు పొరలు విడిపోయిన చోట డొల్లగా పలికేది. పైకి కనిపించే గీతను ఆయన ఖాతరు చేసేవారు కాదు. "గీత చర్మానికమ్మా. దెబ్బ ఎముక దాకా పోయిందా లేదా, అది చూడాలి" అనేవారు. డొల్లచోటు చుట్టూ సుద్దముక్కతో గీసి, ఆ గీతకు అవతల మళ్లీ తట్టేవారు.

మా సముద్రపు గాలికి ఏదీ ఓ పట్టాన ఆరదు. పైకి ఆరినట్లు కనిపించగానే అతుకు వేసేయడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు. లోపలి తడి ఆ అతుకును బుడగలా లేపుతుంది. అలాంటిది కంటబడితే మావయ్య నిర్దాక్షిణ్యంగా పీకేసేవారు. "ఎవర్ని మోసం చేద్దామని? మనుషులైతే నమ్ముతారు, నీళ్లు నమ్ముతాయా?"

అన్నిటికీ మించి ఆయనది ఒక నియమం. బాగుచేసిన పడవలో మొదట తానే కూర్చోవాలి. పోనీ ఈత వచ్చా అంటే, రాదు! లుంగీ ఎగగట్టి, లైఫ్ జాకెట్ తొడుక్కుని, అతుకు మీద అరచెయ్యి ఆనించి కూర్చుంటే నేను తెడ్డు వేసేదాన్ని. పాయ మధ్యకు వెళ్లాక చెయ్యెత్తి చూపేవారు. పొడిగా ఉంటేనే "ఇక పిల్లల్ని ఎక్కించు" అనేవారు. నేను నవ్వితే కోపం వచ్చేది. "పరాయి పిల్లల ప్రాణాలు తల్లీ, నవ్వుతావేంటి?"

ఫోను వచ్చిన రోజు నేను వెళ్లేసరికి ఆయన్ని వరండాలో పడుకోబెట్టి ఉంచారు. పక్కన షెడ్డులో కెనూ బోర్లించి ఉంది. రాత్రికి రాత్రి అతుకు రాయిలా గట్టిపడింది. దాన్ని వేసిన చెయ్యి చల్లబడిపోయింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది.

అది నా దగ్గర నేర్చుకునే లావణ్య పోటీకి తీసుకెళ్లవలసిన పడవ. మరొకటి లేదు. ఆ అతుకును నమ్మి ఆ పిల్లను కొండవాగులోకి ఎలా పంపను? తట్టి చూశాను, ఖణీమంది. అయినా ధైర్యం చాలలేదు. ఎక్కించమని ఆయన చెప్పలేదు కదా!

పెద్దకర్మ అయిన మర్నాడు అత్తయ్యే అడిగారు. "పడవ ఎప్పుడు దింపుతున్నావమ్మా?"

"మావయ్య కూర్చోలేదు కదండీ" అన్నాను.

"నేను కూర్చుంటాను."

ఆవిడ జన్మలో కెనూ ఎక్కి ఎరగరు. ఇలాంటప్పుడు గడప దాటడమేమిటని బంధువులు వారించారు. వినలేదు. ఆయన లైఫ్ జాకెట్టే తొడుక్కుని, అతుకు మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నారు. నేను తెడ్డు వేశాను. పాయ మధ్యకు వెళ్లాక చెయ్యెత్తి చూపించారు. పొడిగా ఉంది.

"పిల్లను ఎక్కించమ్మా" అని, అదే చేత్తో కళ్లు తుడుచుకున్నారు. నాకు అప్పుడొచ్చింది ఏడుపు.

మావయ్యా, మీ చివరి అతుకు నిలబడింది. మీ చేతులకు శతకోటి నమస్కారాలు. రేపు ఆ వాగు నుంచి ఈ పడవ మళ్లీ పగిలొస్తే, తీసుకెళ్లి ఎవరి ముందు బోర్లించాలో మాత్రం చెప్పకుండా వెళ్లిపోయారు.