పాసేజీతో పోట్లాడిన నూకరత్నం

1998 వర్షాకాలం. కాకినాడలో ఒక స్టీలు సామాన్ల కొట్టు పైన, రేకుల షెడ్డులో, బ్యాంకు క్లర్కు పరీక్షలకు ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. వాన పడితే రేకుల చప్పుడుకి నా గొంతు వెనక బెంచీ దాకా చేరేది కాదు. అయినా గోదావరి జిల్లాల్లో సగం బ్యాంకు కౌంటర్ల వెనక నా శిష్యులే ఉన్నారని ఊరంతా చెప్పుకునేవాణ్ణి. సగమన్నది కోత. ఉద్యోగాలు వచ్చినవాళ్ళను లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్ళు సరిపోయేవి.

నేను చెప్పేది రీడింగ్ కాంప్రహెన్షన్, అంటే చదివి అర్థం చేసుకోవడం. ఒక వ్యాసం ముక్క ఇస్తారు; దాన్ని పాసేజీ అంటాం. కింద ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు. తప్పు పెడితే వచ్చిన మార్కుల్లోంచి కోస్తారు. అది నెగటివ్ మార్కింగ్. ముందు ప్రశ్నలు చదివి, ఆ తర్వాత పాసేజీలోకి దిగమనేది నా పద్ధతి. కొత్త బ్యాచ్ రాగానే గోడ గడియారం చూపించి, రెండు నిమిషాల్లో పాసేజీ చదివేసి, జవాబులన్నీ తప్పు లేకుండా పెట్టేవాణ్ణి. కూర్చున్నవాళ్ళు నోరెళ్ళబెట్టేవారు. ఏ బ్యాచ్‌కైనా అదే పాసేజీ అని ఇప్పుడు చెప్పేస్తే పోయేదేమీ లేదు.

ఆ ఏడాది నూకరత్నం చేరింది. సముద్రం పక్క ఊరు, వేట మీద బతికే కుటుంబం. తండ్రి రెండేళ్ళ కిందటి తుఫానులో బోటుతో సహా తిరిగి రాలేదు. తల్లి మోకాళ్ళు పట్టేసినా చేపల గంప దించలేదు. నూకరత్నం బి.ఏ. చదివింది, కానీ వయసు పరిమితి దగ్గరపడింది. ఆ ఏటి పరీక్షే ఆఖరిది.

ఇంగ్లీషు బాగానే వచ్చు. మాక్ టెస్టులు, అంటే అసలు పరీక్షకు ముందు పెట్టే నమూనా పరీక్షల్లో మాత్రం ఎప్పుడూ సగం ప్రశ్నలు వదిలేసేది. టైము చాలేది కాదు. పక్క బెంచీ సత్తిబాబు ఊరుకునేవాడు కాదు.

"ఏంటండీ నూకరత్నంగారూ, పాసేజీలో వల వేసుక్కూర్చున్నారా?"

"ఆయ్, వేశానండి. చేపలు నేను తీసుకుని ముళ్ళు మీకుంచాను."

పదాలు తక్కువై ఆగిపోతోందనుకుని రోజూ కొత్త పదాలు ఇచ్చి బట్టీ పట్టించాను. అన్నీ అప్పజెప్పింది. వేగం మాత్రం రాలేదు.

ఒకరోజు గైడులోంచి మత్స్యకారుల మీద ఒక పాసేజీ ఇచ్చాను. రేడియోలో తుఫాను హెచ్చరిక చెప్పినా లెక్కచేయక సముద్రంలోకి పోయి ప్రాణాలు పోగొట్టుకుంటున్నారని అందులో ఉంది. ఎందుకు చనిపోయారన్నది ప్రశ్న. 'హెచ్చరికను పట్టించుకోలేదు' అన్నది గైడు ఇచ్చిన జవాబు. నూకరత్నం 'హెచ్చరిక అందలేదు' అన్నదానికి టిక్కు పెట్టింది.

"అది పాసేజీలో లేదమ్మా," అన్నాను.

"లేదండి. కానీ జరిగింది అదే కదండీ."

"పరీక్షలో నీకు తెలిసింది పనికిరాదు. కాగితం మీద ఏముందో అదే ఒప్పు."

"రాసినాయన ఎప్పుడన్నా బోటెక్కాడాండీ, మాస్టారూ?"

క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను. ఆవిడ తల వంచుకుని, టిక్కు కొట్టేసి, నేను చెప్పిన జవాబు పెట్టింది. అంతటితో పాఠం వచ్చేసిందనుకున్నాను.

పరీక్షకు వారం ముందు మాక్ టెస్టులో మళ్ళీ అదే వరస. అందరూ దిగిపోయాక మెట్ల దగ్గర ఆపి, "ఎక్కడ ఆగిపోతున్నావు తల్లీ?" అనడిగాను.

"ఆగనండి. రాసింది నిజమో కాదో చూసుకుంటానండి. అబద్ధమైతే ముందుకి పోబుద్ధి కాదండి. ఆ చేపల పాసేజీ ఉంది చూడండి... నాన్న బయల్దేరిన పొద్దున రేడియోలో ఏమీ చెప్పలేదండి. నడిసంద్రంలోకి పోయాక చెప్పారంట. పక్క బోటోళ్ళు ఈదుకొచ్చి చెప్పారు, అక్కడ ఎవరికీ కబురే లేదని. మరి పట్టించుకోలేదని ఎలా పెట్టనండీ? ఆయన్ని నేనే తప్పు పట్టినట్టు కాదాండీ?"

లోపలికి పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టాను. ఆవిడే చాలాసేపు చెప్పింది: వల రంగు, ఆయన కట్టుకెళ్ళిన లుంగీ, తల్లి రేవులో కూర్చున్న చోటు. అంతా అయ్యాక, ఏం చేయాలో తోచక, కొత్త పాసేజీ ఒకటి చేతికిచ్చాను. గడియారం పెద్ద ముల్లు అట్టే కదలకుండానే పూర్తి చేసేసింది. అన్నీ ఒప్పులే.

అప్పటికి అర్థమైంది. ఆవిడకు పదాలు తక్కువ కాలేదు. నోరు మూయించి చదివించాను కనుక పోట్లాట లోపలే సాగేది, టైమంతా దానికే పోయేది. బయటికి అనేస్తే చేతికి దారి దొరికేది. వారం రోజులు పాసేజీ పాసేజీకీ ముందు తిట్టించి, తర్వాత రాయించాను. ఏళ్ళ అలవాటుకి వారం ఎంత?

రాజమండ్రిలో పరీక్ష రాసి నేరుగా షెడ్డుకొచ్చింది. మొహం చూస్తేనే తెలిసింది.

"మొదటిది కౌలు రైతుల మీదండి. బద్ధకస్తులని రాశాడు. కౌలంటే ఏంటో తెలీదండి ఆయనకి. మా పక్కింటాయన గుర్తొచ్చాడు. హాల్లో నోరు విప్పి తిట్టుకోలేను కదండీ. రెండోదానికి వచ్చేసరికి బెల్లు కొట్టేశారు."

ఒక్కో విభాగంలో విడిగా దాటాల్సిన గీత ఒకటుంటుంది, కటాఫ్ అంటాం. ఇంగ్లీషులో అది దాటలేదు. పేపర్లో నెంబర్లు పడ్డ రోజున సత్తిబాబు నెంబరుంది. నూకరత్నంది లేదు. సత్తిబాబు స్వీట్లు పంచకుండా డబ్బా మూసి బల్ల కింద పెట్టాడు.

ఆ తర్వాత ఆవిడ రొయ్యల ప్లాంటులో తలలు తీసే పనికి చేరింది. ఒకటి రెండుసార్లు బజారులో కనిపించింది. చేతులు చల్లటి నీళ్ళలో నాని పాలిపోయి ఉన్నాయి. "తరగతులెలా ఉన్నాయండీ?" అని అడిగేది. తన సంగతి చెప్పేది కాదు.

ఆ ఏటి నుంచి నేను పాసేజీ ఇవ్వగానే గడియారం చూడనిచ్చేవాణ్ణి కాదు. "ముందు ఇందులో అబద్ధమేంటో చెప్పండి, రాసినవాణ్ణి కడుపారా తిట్టండి, తర్వాత జవాబులు" అనేవాణ్ణి. దీనితో ఫలితాలు రెట్టింపయ్యాయని కరపత్రం వేయించాను. కాలేదు. కొద్దిగా మెరుగయ్యాయి, అంతే. చదివే మనిషి ఖాళీ బుర్రతో వచ్చి కూర్చోడని, వెంట తెచ్చుకున్నదాన్ని కాసేపు దించుకోనివ్వడం కూడా బోధనేనని తెలుసుకున్నాను. తెలుసుకునేసరికి నూకరత్నానికి వయసు దాటిపోయింది.